ఆగస్టులో రావలసిన వెలుగు

2025 జూన్ 14, శనివారం

తారీఖులు ప్రకటించేశాం. ఇక మార్చడానికి లేదు.

మూసాపేట మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతూ యశ్వంత్ సబ్మిట్ బటన్ నొక్కాడు. కీబోర్డు మీద చినుకులు పడుతున్నా ల్యాప్‌టాప్ మూయలేదు. పేపర్ మీద రెండే పేర్లు. అతనిది, నాది. యశ్వంత్, వాసంతి అని పక్కపక్కన చూసుకుంటే శుభలేఖలా ఉంది. ఆ మాట బయటికి అనలేదు.

ఎమ్మెస్సీలో నా క్లాస్‌మేట్ యశ్వంత్. కర్నూలు వాడు. పీహెచ్‌డీ అయ్యాక నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను. అతను రాలేదు. ఇక్కడే సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. అది డిసెంబరుతో సరి. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను, మా యాప్‌ని ఏ కస్టమర్ ఎప్పుడు వదిలేసి పోతాడో ముందే చెప్పే మోడల్స్ రాస్తాను. శనాదివారాలు అతనితో కూచుని ఆకాశం పని చేస్తాను. ఆ రెండు రోజులే నావి.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, ఇంతకీ ఏం కనిపెట్టారే అని. ఇంకా ఏమీ కనిపెట్టలేదమ్మా, రాబోయేది ఎప్పుడొస్తుందో చెప్పాం అన్నాను. వంటింట్లో నిలబడి ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి చూశాను. విశ్వం విస్తరిస్తోంది. ఎంత వేగంగా అంటే రెండు జవాబులు. అన్నిటికన్నా పాత వెలుగును చూసి, అందరూ ఒప్పుకున్న స్టాండర్డ్ మోడల్‌ని నమ్మి లెక్క కడితే 67 అనే అంకె వస్తుంది. మనకి దగ్గరగా ఉన్న నక్షత్రాలతో నేరుగా కొలిస్తే 73 వస్తుంది. ఎవరెంత జాగ్రత్తగా కొలిచినా ఆ తేడా పోవడం లేదు. కొలతల్లో తప్పుందా, మోడల్‌లోనే తప్పుందా తేలాలి.

దానికి మేము పట్టుకున్నది ఒక క్వేజార్. ఎంతో దూరంలో వెలుగుతున్న ఒక చుక్క. దానికీ మనకీ మధ్య ఒక గెలాక్సీ అడ్డం ఉండి ఆ వెలుగును వంచుతుంది. అందుకని ఒకే చుక్క మనకి రెండుగా కనిపిస్తుంది. రెండు వెలుగులూ రెండు దారుల్లో వస్తాయి. జేఎన్టీయూ దగ్గర ఒకేసారి బయల్దేరిన రెండు బస్సులు, ఒకటి ఫ్లైఓవర్ మీదుగా, ఒకటి చుట్టూ తిరిగి, హైటెక్ సిటీకి వచ్చినట్టు. మార్చిలో ఆ క్వేజార్ ఉన్నట్టుండి ప్రకాశించింది. మొదటి చుక్కలో చూశాం. అదే ప్రకాశం రెండో చుక్కలో ఇంకా రావలసి ఉంది. ఎంత ఆలస్యంగా వస్తుందన్నదాన్ని బట్టి విస్తరణ వేగం తెలుస్తుంది. ఆగస్టు మొదటి వారంలో వస్తే 73, అంటే మోడల్ తప్పు. మూడో వారంలో వస్తే 67.

మొదటి వారంలో వస్తే మంచిదా అని అడిగింది అమ్మ. యశ్వంత్‌కి మంచిది అన్నాను.

జూలై 3, గురువారం

ఆఫీసులో మా ఫ్లోర్ సగం ఖాళీ. ఎవరెవరు పోయారో మెయిల్‌లో చెప్పరు. ఆఫీసు చాట్ టీమ్స్‌లో వాళ్ళ ఫోటో పక్కన పచ్చ చుక్క ఆరిపోతుంది, అంతే.

మేనేజర్ సుష్మ లంచ్‌లో నా పక్కకి వచ్చి కూచుంది. వరంగల్ పిల్ల, నాకన్నా చిన్నది. నా పేరు తీసేసేవాళ్ళ లిస్టులో లేదని చెప్పింది. ఆమె పేరు ఉందో లేదో ఆమెకే తెలియదట. ఇంత చదువు చదివి ఇక్కడేం చేస్తున్నవ్ అక్కా అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. పెరుగన్నం తిన్నాం.

జూలై 20, ఆదివారం

యశ్వంత్ వాళ్ళ నాన్న ఈశ్వరయ్యగారు భోజనానికి పిలిచారు. నార్సింగిలో రియల్ ఎస్టేట్ ఆఫీసు ఆయనది. అద్దాల గది, లోపల టేబుల్ మీద విల్లాల బొమ్మ, దాని చుట్టూ ప్లాస్టిక్ చెట్లు. బయట ఎటు చూసినా క్రేన్లు. యశ్వంత్ ఆ బొమ్మ వైపు చూడలేదు. ఫోన్లో చిలీ వాతావరణం చూసుకుంటున్నాడు. మాకు డేటా పంపే టెలిస్కోప్ అక్కడుంది.

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఈశ్వరయ్యగారు నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"మావాడు ఆకాశంలో దూరాలు కొలుస్తాడంటమ్మా. భూమి కొలిచేదానికి రమ్మంటే రాడు. నీ మాటయితే వింటాడు. నువ్వే చెప్పల్ల."

మంచి మనిషి. కొడుకంటే ప్రాణం. కాంట్రాక్టు అయిపోతే ఏమవుతాడోనని ఆయన భయం. చెప్తానండీ అన్నాను. చెప్పను. నవంబరులో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ పెడుతున్నారు. మా ఫలితం నిలిస్తే ఆ పోస్టు అతనిదే.

జూలై 30, బుధవారం

మబ్బు. చిలీ నుంచి వచ్చిన ఫైల్ ఖాళీ.

ఆగస్టు 1, శుక్రవారం

మబ్బు. కోట్ల సంవత్సరాల్లో ఎప్పుడో ఒకప్పుడు రావలసింది కాదు ఇది, ఈ వారమే రావాలి. ఈ వారమే ఆ టెలిస్కోప్ ఉన్న కొండ మీద మబ్బు. యశ్వంత్ ఫోన్ చేసి, మబ్బు అని పెట్టేశాడు.

ఆగస్టు 5, మంగళవారం, పొద్దున

క్యాబ్‌లో ఉన్నాను. ఫ్లైఓవర్ మీద బండి కదలడం లేదు. ఫైల్ వచ్చింది. రెండో చుక్క కాస్త పెరిగినట్టుంది. నాయిస్ కావచ్చు, కొలతల్లో మామూలుగా ఉండే ఒడిదుడుకు.

ఆగస్టు 9, శనివారం

నాయిస్ కాదు.

నిన్న ఆఫీసులో ఉండగా సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేశారు, గేటు దగ్గర ఎవరో వచ్చారని. యశ్వంత్. మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర మోకాలు లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో బైక్ తోసుకుంటూ వచ్చాడు. నాలుగు రోజుల డేటా కలిపి గీసిన గ్రాఫ్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి షర్టు లోపల దాచుకున్నాడు. ఫోన్లో పంపితే సరిపోయేది. అదే అన్నాను. కాగితం మీద చూడాలి ఇది అన్నాడు. మార్చిలో మొదటి చుక్క ఎక్కిన గీత, ఇప్పుడు రెండోది ఎక్కుతున్న గీత. ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోయాయి.

మొదటి వారం. 73.

అతని ముఖం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడని గోడకి పదేళ్ళుగా చెవి ఆనించి ఉన్న మనిషికి అవతలి నుంచి ఎవరో తట్టినట్టు. గొడుగు నేనే పట్టుకున్నాను. మా ఇద్దరి మీదా పట్టలేదు, అతని మీదే పట్టాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా రాశాను.

ఆగస్టు 31, ఆదివారం

డేటాని లెక్కతో సరిపోల్చే ఫిట్ పూర్తయింది. 73కి కాస్త పైన. 67 మా ఎర్రర్ బార్‌కి, అంటే పొరపాటు ఉండగల హద్దుకి, బాగా బయట ఉంది. ఫలితం నెట్‌లో పెట్టిన దగ్గర్నుంచి బయటి దేశాల వాళ్ళు మెయిళ్ళు రాస్తున్నారు, ఎప్పుడూ జవాబివ్వని వాళ్ళు కూడా. నవంబర్ 14న ఇంటర్వ్యూ.

అమ్మ వత్తులు చేసుకుంటూ, ఆ కర్నూలబ్బాయికి ఉద్యోగం పర్మనెంటైతే వాళ్ళ నాన్నగారితో మాట్లాడనా అంది. నేను విననట్టు లేచి వెళ్ళిపోయాను. ఆవిడ నవ్వు వెనక నుంచి వినపడింది.

మాట్లాడవచ్చు.

అక్టోబర్ 11, శనివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

ఒక పెద్ద ఆకాశ సర్వే వాళ్ళు కొత్త డేటా బహిరంగపరిచారు. లక్షల గెలాక్సీల కచ్చితమైన దూరాలు. మా క్వేజార్ ఉన్న వైపు కూడా కొలిచారేమో చూద్దామని, ఏ అనుమానమూ లేకుండా, ఊరికే వెతికాను. యశ్వంత్‌కి ఇంటర్వ్యూలో చూపడానికి ఒక మంచి బొమ్మ దొరుకుతుందని.

కొలిచారు. మా చుక్కల పక్కన చిన్న చిన్న గెలాక్సీలు చెదురుగా కొన్ని ఉన్నాయి. వాటి రంగును బట్టి, అవి ఒక్కొక్కటి ఒక్కో దూరంలో ఉన్నాయని ఇంతవరకూ అందరూ అనుకున్నారు. పాత క్యాటలాగ్‌లో అలాగే ఉంది. మేమూ అలాగే తీసుకున్నాం. కాదు. అన్నీ ఒకే దూరంలో ఉన్నాయి. అదొక గుంపు. మా వెలుగు దారికి కాస్త పక్కగా, అంత బరువు. ఆ బరువూ వెలుగును వంచుతుంది. వెలుగు అంత ముందుగా రావడంలో దాని పాలెంతో మా లెక్కలో లేదు.

రెండు సార్లు డౌన్‌లోడ్ చేశాను, ఫైల్ పాడయిందేమోనని. పాడవలేదు.

అమ్మ ఉప్మా పెట్టింది. తిన్నానో లేదో గుర్తు లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

ఆ గుంపును కలిపి మళ్ళీ లెక్క కట్టాను. 69 దగ్గర ఆగింది. గుంపు బరువు సరిగ్గా తెలియదు కాబట్టి ఎర్రర్ బార్ 65 నుంచి 74 దాకా సాగింది.

అంటే 67 కావచ్చు, 73 కావచ్చు. మోడల్ తప్పనీ చెప్పలేం, ఒప్పనీ చెప్పలేం. తప్పని తేలినా బాగుండేది. ఓడిపోవడానికి కూడా ఒక జవాబుండాలి కదా. ఇది ఏమీ కాదు. ఆ వెలుగు అంత దూరం వచ్చి, వానలో అతని షర్టు లోపలికి చేరి, ఏమీ చెప్పలేదు.

అక్టోబర్ 13, సోమవారం

చెప్పలేదు.

అక్టోబర్ 15, బుధవారం

చెప్పలేదు. అతను స్లైడ్లకి ఏ రంగు బాగుంటుందని అడిగాడు. నీలం అన్నాను.

అక్టోబర్ 18, శనివారం

చెప్పాను.

అతని గదిలో. మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి, పక్కన నిలబడ్డాను. కూచోబుద్ధి కాలేదు. అతను కోడ్ మొత్తం చదివాడు, ఒక్కో లైనూ. తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడని తెలుసు. నేనూ అదే కోరుకుంటూ అతని చూపుడు వేలు వెనకాలే చూస్తూ ఉన్నాను. కింద మెట్రో రెండు సార్లో మూడు సార్లో పోయింది. పోయినప్పుడల్లా కిటికీ అద్దం అదిరింది.

చివరికి ల్యాప్‌టాప్ మూశాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"వేరేవాళ్ళు చూసేదానికి ఎంత కాలం పడుతుంది?"

ఆర్నెల్లు పట్టచ్చు, ఆ వైపు ఎవరూ చూడట్లేదు అన్నాను.

అతను గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగుదామా? అబద్ధం చెప్పమని కాదు. ఒక నెల ఆగుదాము. పోస్టు వచ్చినంక మనమే సరిదిద్ది వేస్తాము."

నాకు డిసెంబరు కనపడింది. ఆ గది ఖాళీ కావడం కనపడింది. నార్సింగిలో ప్లాస్టిక్ చెట్లు కనపడ్డాయి. సరే అన్నాను.

అతను నా వైపు తిరిగి చూశాడు. కృతజ్ఞత అనుకున్నాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. అమ్మ బాల్కనీలో దీపాలు పెట్టింది. కాలనీ అంతా పొగ. యశ్వంత్ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఆఫీసు గ్రూపులో సుష్మ అందరికీ వీడ్కోలు మెసేజ్ పెట్టింది. తన పేరే వచ్చింది ఈసారి. పండగ రోజు పెట్టడమేమిటని ఫోన్ చేస్తే, ఇంట్ల అందరూ సంతోషంగున్నరు, గిప్పుడైతే ఎవలూ నా మొహం చూడరు అక్కా అంది.

నవంబర్ 8, శనివారం

స్లైడ్లు పంపాడు. నీలం రంగు. అన్నీ ఉన్నాయి, ఆ గుంపు లేదు. 73 పెద్ద అక్షరాల్లో ఉంది.

ఒకచోట స్పెల్లింగ్ తప్పుంటే దిద్ది పంపాను.

నవంబర్ 11, మంగళవారం

ఆఫీసులో నా మోడల్ ఒక కస్టమర్ వదిలేసి పోడని చెప్పింది. పోయాడు. ఎందుకలా చెప్పిందని మీటింగ్ పెట్టారు. మాకు కనపడనిదేదో ఉండి ఉంటుందని చెప్పాను. అందరూ తల ఊపారు. ఇంత తేలిగ్గా అయిపోతుంది ఇక్కడ.

నవంబర్ 14, శుక్రవారం, సాయంత్రం

ఫోన్ లేదు. మెసేజ్ లేదు. ఇంటర్వ్యూ పన్నెండింటికే అయిపోయి ఉండాలి.

వెళ్ళనా? వెళ్ళను.

నవంబర్ 16, ఆదివారం

వెళ్ళాను.

గది తలుపు తీసే ఉంది. యశ్వంత్ బట్టలు మడత పెట్టుకుంటున్నాడు. టీ పెడతానన్నాడు, పాలు లేవన్నాడు. తరవాత చెప్పాడు. ఇంటర్వ్యూలో మొదటి స్లైడే ఆ గుంపు బొమ్మ పెట్టాడట. పొద్దున్నే కూచుని చేశాడట. ప్రకటించిన తారీఖుకే వెలుగు వచ్చింది, కానీ దాని నుంచి మేము తీసిన అంకె నిలవదు అని చెప్పాడట. కమిటీలో ఒకాయన, అయితే మీ కొలత ఏం చెబుతున్నట్టు అని అడిగాడట. ఏమీ చెప్పదు సార్ అన్నాడట. నిజాయితీ మెచ్చుకోదగ్గదని ఒకాయన అన్నాడట. ఆ మాటతోనే పోస్టు పోయిందని తెలిసిందట.

ఆ గుంపును పట్టుకున్నది వాసంతి అని కూడా చెప్పాడట. నా పేరు.

ఆగుదామన్నది నువ్వే కదా అన్నాను. ఎందుకన్నానో. తప్పించుకోవడానికి అని ఉంటాను.

మడత పెడుతున్న చొక్కాని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

"నువ్వు వద్దంటావనే అడిగినాను వాసంతీ. నువ్వు తిడతావు, నేను తల ఒంచుకుంటా, అయిపోతుంది అనుకుంటి. నన్ను ఆపేదానికి నువ్వుండావనే ధైర్యంతో ఇన్నేండ్లు ఈ పని చేసినాను. నువ్వు సరే అన్నావు. అప్పుడు నాకు భయమైంది."

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఆ సరే నీ కోసమే అన్నాను అని నోటి దాకా వచ్చింది. చెబితే అతనికి ఇంకా బరువు. లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పైన తలుపు వేసుకున్నాడు. గట్టిగా వేయలేదు, మామూలుగానే వేశాడు.

నవంబర్ 23, ఆదివారం

ఒకే మాట తిరుగుతోంది. అక్టోబర్ 11న నేను ఆ డేటా వెతక్కపోతే? ఆర్నెల్ల తరవాత ఇంకెవరో వెతికేవారు. అప్పటికి అతను ఆ పోస్టులో ఉండేవాడు. తప్పు ఒప్పుకుని, ఇంకో చుక్క వెతుక్కుని, బతికేవాడు. సైన్స్‌లో అందరూ అలాగే బతుకుతారు.

లేదా అక్టోబర్ 18న వద్దని ఉంటే? పోస్టు అప్పుడూ పోయేది. మేము పోయేవాళ్ళం కాదు.

రెండింటిలో ఏదీ నేను చేయలేదు.

డిసెంబర్ 6, శనివారం

సరిదిద్దిన పేపర్ పెట్టాం. ఫోన్లో మాట్లాడుకోలేదు, ఫైల్‌లోనే వ్యాఖ్యలు రాసుకున్నాం. చివరి వాక్యం అతనే రాశాడు. "ప్రస్తుత సమాచారంతో రెండు విలువలనూ తోసిపుచ్చలేము." నేను సరే అని రాశాను. రాశాక ఆ మాటను చూసి చెరిపేసి, అంగీకారం అని రాశాను.

మెయిళ్ళు రాలేదు. ఇలాంటివాటికి రావు.

మా చుక్కలు ఇప్పుడు సూర్యుడి వెనకాల ఉన్నాయి. కొన్నాళ్ళకి మళ్ళీ కనపడతాయి. టెలిస్కోప్ టైం కోసం దరఖాస్తు చేయాలంటే ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో ఒకరు ఉండాలి. ఎవరూ లేరు.

అమ్మ ఈశ్వరయ్యగారి మాట ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే తెలుస్తోంది.

డిసెంబర్ 28, ఆదివారం

మొన్న ఈశ్వరయ్యగారు ఫోన్ చేశారు. మావాడు ఆఫీసుకొస్తున్నాడమ్మా, నీ మాట విన్నాడు, అన్నారు. నా చలవేనని ఎన్ని సార్లు అన్నారో. కొత్త బ్లాక్ ఓపెనింగ్‌కి తప్పక రమ్మన్నారు. నేనేమీ చెప్పలేదండీ అనలేకపోయాను.

వెళ్ళాను. అమ్మ వద్దంది, అయినా వెళ్ళాను.

యశ్వంత్ తెల్లచొక్కా వేసుకుని, మెడలో ట్యాగ్‌తో, ఒక జంటకి పై అంతస్తులు చూపిస్తున్నాడు. బాగా చెబుతున్నాడు. క్లాసులో సెమినార్ చెప్పినట్టే, చేతులు అలాగే తిప్పుతూ. ఈ బాల్కనీ నుంచి గండిపేట చెరువు వైపు ఖాళీగా కనపడుతుందని చెప్పాడు. మధ్యలో ఇంకేమీ రాదని ఎలా నమ్మడం, రేపు ఏదైనా కడితే, అని ఆమె అడిగింది. అతను బాల్కనీ బయటికి చూశాడు. మధ్యలో ఏముందో నేను గ్యారంటీ ఇయ్యలేను మేడమ్ అన్నాడు. వాళ్ళ నాన్న ముఖం చిన్నబోయింది.

నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. ఎవరో నా చేతిలో స్వీటు పెట్టారు. అతని దగ్గరికి వెళ్ళి బాగున్నావా అని అడిగాను. బాగుండాను అన్నాడు. పని ఎక్కువగా ఉందా అన్నాను. ఉంది అన్నాడు. ఆకాశం మాట ఇద్దరం ఎత్తలేదు. ఇంకేం మాట్లాడుకోవాలో మాకు ఎప్పుడూ తెలిసినట్టు లేదు.

2026 జనవరి 10, శనివారం

సాయంత్రం కరెంటు పోయింది. అమ్మతో డాబా ఎక్కాను. తూర్పున రెండు అపార్ట్‌మెంట్ల మధ్య పెద్ద చుక్కొకటి, గ్రహాల్లా మిణుకు లేకుండా వెలుగుతోంది. అదేమిటే అని అడిగింది అమ్మ.

తెలియదమ్మా అన్నాను.